6-0, 6-1తో ఓడిపోతున్న కర్నూలు తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫోన్‌లోనూ, చిన్నప్పుడు గేమ్ పార్లర్‌లోనూ ఆడిన టెన్నిస్‌లో నిన్ను కొట్టేవాడే లేడు. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో టాప్‌స్పిన్ 2కే25 వేసుకున్నావు, సెకండ్ హ్యాండ్‌లో ఒక వైర్‌లెస్ కంట్రోలర్ కొన్నావు, కెరీర్ మోడ్ (ఒక ఆటగాణ్ని కింది నుంచి పైకి తెచ్చే ఆట) మొదలుపెట్టి మూడు వారాలైంది. కంప్యూటర్ చేతిలో 6-0, 6-1. సగం బంతులు నెట్‌కు తగులుతున్నాయి, మిగతా సగం గీత బయట పడుతున్నాయి, అవీ ఎక్కువగా ఎడమ పక్కకే. సర్వ్ సంగతి సరేసరి, గేముకు రెండు డబుల్ ఫాల్టులు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోవడం). "అన్నా, డిఫికల్టీ తగ్గించాలా, కంట్రోలర్ మార్చాలా, లేకపోతే ఈ ఆట నాకు రాదని ఊరుకోవాలా" అని అడిగావు.

ఊరుకోవద్దు. మిగతా రెండింటికీ జవాబు ఉంది, కానీ నేరుగా అక్కడికి పోతే నీకు ఉపయోగపడదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. అనంతపురంలో టవర్ క్లాక్‌కు దగ్గర్లో చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు నాది. ఈ పిచ్చి 2011లో పట్టుకుంది. టాప్ స్పిన్ 4, వర్చువా టెన్నిస్ 4 రెండూ ఆ ఏడాదే వచ్చాయి. రిపేరుకు వచ్చిన ఒక కన్సోల్‌ను టెస్టింగ్ పేరు చెప్పి వారం రోజులు ఇంట్లో పెట్టుకుని రెండూ ఆడేసినా. (ఆ కన్సోల్ ఓనరు ఇది చదువుతుంటే, తప్పైపోయింది అన్నా.) బయటికి ఒకేలా కనిపించినా రెండూ ఒక జాతివి కావని ఆ వారంలోనే తెలిసిపోయింది. వర్చువా టెన్నిస్ 1999లో నాణెం వేసి ఆడే మెషిన్ల మీద పుట్టిన ఆట. డబ్బులు పెట్టినవాడు అరనిమిషంలో మొహం మాడ్చుకుని పోకూడదు కదా, అందుకని బంతి దాదాపు ఎప్పుడూ గీత లోపలే పడుతుంది. అందకపోతే నీ ఆటగాడి బొమ్మే దూకి అందుకుంటుంది. ఎదుటివాడు లేని చోటికి కొట్టడం ఒక్కటే నీ పని. సిమ్యులేషన్ ఆటలో, అంటే అసలు టెన్నిస్‌ను ఉన్నదున్నట్టు అనుకరించే నీ టాప్‌స్పిన్ లాంటి దాంట్లో, ఆ దయ ఉండదు. బంతి బయటికి పోయినా, నెట్‌కు తగిలినా లెక్క నీ ఖాతాలోనే. పార్లర్ అలవాట్లతో ఇందులోకి దిగితే సైకిల్ తొక్కినట్టు ట్రాక్టర్ నడపబోయినట్టే.

నువ్వు రాసిన లక్షణాలు చూస్తే నీ వేళ్లలో దోషమేమీ కనపడలేదు నాకు. దోషం నీ బొమ్మ కాళ్లలో ఉంది. బంతి నీ వైపు తిరిగేదాకా ఆగుతున్నావు, అప్పుడు పరిగెత్తిస్తున్నావు, పరుగు ఆగకముందే బటన్ నొక్కుతున్నావు. నెట్‌కు తగిలేవి, బయటికి పోయేవి, ఎడమకు జారిపోయేవి అన్నీ ఈ ఒక్క గుణానికి పుట్టిన పిల్లలే. (ఎడమకు పోవడం వెనుక ఇంకో అనుమానం కూడా ఉంది, చివర్లో చెప్తా.)

కొలతలు ఒకసారి చూడు. కోర్టు పొడవు 23.77 మీటర్లు. ర్యాలీలో ఎదుటివాడు కొట్టిన మామూలు బంతి నీ బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) చేరడానికి సెకనో, సెకనున్నరో. బంతి రాకెట్ తీగల మీద ఉండేది సెకనులో వెయ్యో వంతులు నాలుగైదు మాత్రమే. అంటే ఆ కొట్టే క్షణంలో నువ్వు సరిదిద్దగలిగింది ఏమీ లేదు. దానికి ముందున్న సెకనులోనే చూడాలి, కదలాలి, ఆగాలి, భుజం తిప్పాలి. ఇందులో పరుగు ఎంత తినేస్తే మిగతావాటికి అంత తక్కువ. ఈ ఆటలు రాసినవాళ్లు సరిగ్గా దీన్నే లెక్కలో పెట్టారు. పరిగెత్తుతూ కొట్టిన దెబ్బకు తప్పే అవకాశం పెంచుతారు, నిలబడి కొట్టినదానికి తగ్గిస్తారు. టైమింగ్ మీటరులో (బటన్ సరైన క్షణంలో వదిలావా అని చూపించేది) పచ్చ పడినా కాళ్లు కుదరకపోతే బంతి గురికి దూరంగా పోవడం నువ్వు కూడా చూసే ఉంటావు.

ఇది నాకు స్క్రీన్ మీద కన్నా ముందు మట్టి మీద తెలిసింది. మా ఊళ్లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ ఉంది కదా, అక్కడ స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు రఫాయెల్ నడాల్ ఫౌండేషన్ 2010లో పిల్లలకు టెన్నిస్ స్కూలు పెట్టింది. నడాల్ స్వయంగా అనంతపురం వచ్చి పోయాడు. ఆ రోజు నేను షాపులో ఎవరిదో మిక్సీ విప్పుకుని కూర్చున్నా, ఆ బాధ ఇప్పటికీ ఉంది. తర్వాత ఒకసారి మా అన్న కొడుకును దింపడానికి వేరే కోర్టుకు పోయినప్పుడు ఒక కోచ్ పిల్లల చేతుల్లోంచి రాకెట్లు లాగేసుకుని, బంతి ఒక్కసారి నేలకు తగిలాక రెండు చేతులతో నడుం దగ్గర పట్టుకోమన్నాడు. చేయి చాచి పట్టుకుంటే లెక్కలోకి రాదు. పిల్లలు మొదట నవ్వుకున్నారు. పది నిమిషాలకు రొప్పుతున్నారు. బంతి నడుం దగ్గరికి రావాలంటే అది పడకముందే నువ్వు అక్కడ ఉండాలి, వేరే దారి లేదు. ఇంటికొచ్చి ఆ రాత్రి నా ఆటలో అదే చేశాను. ప్రాక్టీస్ కోర్టులో పాయింట్లు వదిలేసి, గురి వదిలేసి, ప్రతి బంతికీ బొమ్మ నిలబడి కొట్టేలా కాళ్లు మాత్రమే ఆడించాను. నాలుగైదు రోజుల్లో నా తప్పులు సగానికి పడిపోయాయి.

నువ్వూ అదే చెయ్యి. మొదటి వారం పాయింట్లు లెక్కపెట్టొద్దు. ప్రాక్టీస్‌లో ఎదుటివాణ్ని సులువు స్థాయిలో పెట్టి, నీ బొమ్మ పాదాలు చూడు. దెబ్బ కొట్టేటప్పుడు పాదాలు నేలకు ఆని ఉన్నాయా, గాల్లో ఉన్నాయా? అంతే.

ఇప్పుడు అసలు ప్రశ్న: కొట్టాక ఎక్కడ నిలబడాలి? అందరూ "మధ్యలోకి రా" అంటారు. అది ముప్పావు వంతు నిజం. ఎదుటివాడు నీ కుడికి ఎంత దూరం కొట్టగలడు, ఎడమకు ఎంత దూరం కొట్టగలడు, ఆ రెండింటి నడిమధ్య నీ చోటు. వాడు తన కోర్టు మధ్యలో ఉంటే ఆ చోటు నీ బేస్‌లైన్ మధ్య గుర్తు దగ్గరే. వాడు మూలలో ఉంటే అది పక్కకు జరుగుతుంది. నువ్వు నీ కుడి మూల నుంచి ఐమూలగా క్రాస్ కోర్ట్ కొట్టావనుకో, మధ్య గుర్తుదాకా కూడా రానక్కర్లేదు, దానికి ఒక అడుగు కుడికే ఆగితే చాలు. అదే బంతిని నిటారుగా డౌన్ ది లైన్ కొట్టావా, మధ్య గుర్తు దాటి ఎడమకు ఒక అడుగు పోవాలి. పరుగు ఎంత పెరిగిందో చూడు. ఆ పరుగు అయ్యేలోపు వాడు ఖాళీలోకి కొట్టేస్తాడు, నువ్వు "కంప్యూటర్ మోసం చేసింది" అని కంట్రోలర్ మంచం మీదికి విసురుతావు. నేనూ విసిరినవాణ్నే.

క్రాస్ కోర్ట్‌కు ఇంకా రెండు లాభాలున్నాయి. నెట్ మధ్యలో 91.4 సెంటీమీటర్ల ఎత్తు, పోల్స్ దగ్గర 107. ఐమూలగా పోయే బంతి పల్లం మీదుగా దాటుతుంది, నిటారుగా పోయేది గట్టు మీదుగా దాటాలి. సింగిల్స్ కోర్టు వెడల్పు 8.23 మీటర్లు కాబట్టి మూల నుంచి మూలకు దూరం 25 మీటర్లు దాటుతుంది, నిటారు దారి కన్నా మీటరుకు పైగా ఎక్కువ. కాస్త గట్టిగా తగిలినా లోపలే పడటానికి చోటు దొరుకుతుంది. టీవీలో పెద్ద ఆటగాళ్లు గంటల తరబడి ఐమూలగానే ఎందుకు కొట్టుకుంటారో నాకు ఈ ఆటలు ఆడాకే అర్థమైంది. అంతకుముందు ధైర్యం లేక అనుకునేవాణ్ని.

గురి సంగతి. టాప్‌స్పిన్‌లో బొమ్మను పరిగెత్తించేదీ ఎడమ స్టిక్కే, బంతిని ఎటు పంపాలో చెప్పేదీ ఎడమ స్టిక్కే. బటన్ నొక్కిన తర్వాత ఆ స్టిక్ ఉద్యోగం మారిపోతుంది. నువ్వు బ్యాక్‌హ్యాండ్ కోసం ఎడమకు పరిగెత్తుతూ స్టిక్‌ను ఎడమకు నొక్కిపట్టి, అదే ఊపులో బటన్ నొక్కితే, "ఎడమకు, ఎంత వీలైతే అంత" అని గురి చెప్పినట్టే. పాపం, ఆట నువ్వు చెప్పిందే చేసింది. బటన్ నొక్కగానే స్టిక్‌ను ఒక్క క్షణం వదిలేయ్, మధ్యలోకి రానీ, తర్వాత గురి వైపు సగం దూరమే వంచు. మొదట్లో ఈ వదలడం చేతికి రాదు. నోటితో అనుకుంటూ ఆడు: పరుగు, వదులు, గురి. మా ఇంట్లోవాళ్లు నేను మంత్రాలు చదువుతున్నా అనుకున్నారు కొన్నాళ్లు.

గీతను గురి పెట్టొద్దు. గీతకు మీటరు లోపల ఒక ఊహాగీత గీసుకుని దాన్ని గురి పెట్టు. అది కూడా ఎక్కువనుకుంటే కోర్టు మధ్యలోకి, కానీ లోతుగా కొట్టు. బేస్‌లైన్ దగ్గర పడే బంతి నడిమధ్య పడినా ఎదుటివాడికి ఇబ్బందే, ఎందుకంటే వాడికి పక్కకు తిప్పే కోణం దొరకదు.

బటన్ నొక్కడంలో రెండు రకాలున్నాయి, నీ ఆటలో ఇది ముఖ్యం. టక్కున నొక్కి వదిలితే కంట్రోల్ షాట్. నొక్కిపట్టి, మీటర్ నిండుతుండగా సరైన క్షణంలో వదిలితే పవర్ షాట్. నువ్వు రాసినదాన్ని బట్టి అన్నీ పవరే కొడుతున్నావు. పార్లర్ రక్తం అది. పదిహేను రోజులు పవర్ షాట్ ముట్టుకోకు. కంట్రోల్ షాట్‌తోనే బంతిని పదిసార్లు వెనక్కి పంపగలిగితే కింది స్థాయి కంప్యూటర్ ఆటగాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పు చేస్తారు. పవర్ ఎప్పుడంటే, వాడి బంతి పొట్టిగా పడి, నువ్వు బేస్‌లైన్ లోపల నిలబడి, నీ కాళ్లు ఆగి ఉన్నప్పుడు. మూడూ కుదరాలి. రెండు కుదిరితే కూడా వద్దు.

ఏ షాట్ ఏ పనికి అనేది దెబ్బ తగిలాక బంతి ఎట్లా తిరుగుతుందో తెలిస్తే దానంతటదే వస్తుంది. టాప్‌స్పిన్ షాట్ అంటే బంతి ముందుకు దొర్లుతూ పోవడం. దొర్లే బంతిని గాలి కిందికి నొక్కుతుంది, అందుకే నెట్‌కు మీటరు పైనుంచి కొట్టినా గీత లోపలికి దిగుతుంది, పడ్డాక ఎగిరి వాడి భుజం మీదికి వస్తుంది. నడాల్ ఫోర్‌హ్యాండ్ నిమిషానికి 3,000కు పైగా చుట్లు తిరిగేదని కొలిచారు, ఆ ఎత్తు బంతిని ఎదుర్కోలేకే చాలామంది ఓడిపోయారు. నీకు టాప్‌స్పిన్ రోజువారీ అన్నం లాంటిది. ఫ్లాట్ (తిప్పకుండా నేరుగా కొట్టేది) పండగ నాటి బొబ్బట్టు, ఎత్తుగా వచ్చిన పొట్టి బంతికి మాత్రమే. స్లైస్‌ను (బంతి వెనక్కి తిరిగేలా కోసినట్టు కొట్టేది) జనం తక్కువ చేసి చూస్తారు గానీ, నువ్వు మూలకు లాగబడినప్పుడు నీ ప్రాణం కాపాడేది అదే. నెమ్మదిగా తేలుతూ పోతుంది, అది పోయేలోపు నువ్వు నీ చోటికి తిరిగొస్తావు. పైగా తక్కువ ఎత్తులో జారుతుంది కాబట్టి వాడు వంగి పైకి ఎత్తి కొట్టాలి. లాబ్ (తల మీదుగా ఎత్తి వేసేది) నెట్ దగ్గరికి దూసుకొచ్చేవాడికి. డ్రాప్ షాట్ (నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసేది) ఇప్పుడే వద్దు, ఆశ ఎక్కువ ఫలితం తక్కువ.

సర్వ్. డబుల్ ఫాల్టులకు మందు చెప్పడం సులువు, వేసుకోవడమే కష్టం, ఎందుకంటే అహం అడ్డొస్తుంది. సర్వీస్ బాక్స్ లోతు 6.40 మీటర్లు, వెడల్పు 4.11 మీటర్లు. నువ్వు అందులో మూలనే గురి పెడుతున్నావు, రెండోసారి కూడా. ప్రొఫెషనల్ ఆటగాళ్లకే మొదటి సర్వ్ నూటికి 60, 65 మాత్రమే లోపల పడతాయి. అంటే మిగిలిన ప్రతిసారీ వాళ్లు రెండో సర్వ్‌తోనే బతుకుతున్నారు. రెండో సర్వ్ స్పిన్‌తో, కంట్రోల్‌తో, బాక్స్ నడిమధ్యకు. వాడు గట్టిగా తిరగ్గొడితే తిరగ్గొట్టనీ. పాయింట్ మొదలవడమే మనకు కావాలి. స్టిక్‌తో చేసే అడ్వాన్స్‌డ్ సర్వ్ ఒకటుంది, దాని జోలికి రెండు నెలల దాకా పోవద్దు.

మొదటి సర్వ్‌తో ఒక్క ఎత్తుగడ నేర్చుకో, చాలా దూరం వస్తుంది. కుడి పక్క నుంచి సర్వ్ చేసేటప్పుడు బాక్స్ బయటి పక్క గీత వైపు వెయ్యి. వాడు కోర్టు దాటి పక్కకు పోయి అందుకుంటాడు. తిరిగొచ్చిన బంతిని రెండో పక్కకు, తొందర లేకుండా, కంట్రోల్ షాట్‌తో. కింది స్థాయిలో పది పాయింట్లలో నాలుగైదు ఇట్లనే వస్తాయి నాకు. ఎడమ పక్క నుంచి చేసేటప్పుడు మధ్య గీత వైపే వెయ్యి. అక్కడ నెట్ పల్లంగా ఉంటుంది, దూరమూ తక్కువ.

వాడి సర్వ్ తీసుకోవడంలో నీ తప్పు నేను చూడకుండానే చెప్తా: బేస్‌లైన్ మీద నిలబడి ఉంటావు. రెండు అడుగులు వెనక్కి పో. గంటకు 200 కిలోమీటర్ల సర్వ్ నీ దగ్గరికి అర సెకను దాటీ దాటగానే వస్తుంది. వెనక్కి పోతే ఇంకో పిసరు సమయం దొరుకుతుంది. రిటర్న్‌లో గొప్ప షాట్ కొట్టాలని చూడకు. టక్కున నొక్కి మధ్యలోకి లోతుగా పంపు, అంతే. వాడి రెండో సర్వ్‌కు మాత్రం ఒక అడుగు ముందుకొచ్చి కొట్టొచ్చు.

నువ్వు ఒక మాట రాశావు, "ప్రతి పాయింటూ పోతుంటే మనసు విరిగిపోతుంది" అని. రోజర్ ఫెదరర్ 2024లో డార్ట్‌మత్ కాలేజీలో మాట్లాడుతూ ఒక లెక్క చెప్పాడు. తన జీవితంలో ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచుల్లో దాదాపు 80 శాతం గెలిచాడు. మరి పాయింట్లలో ఎన్ని గెలిచాడంటే 54 శాతం. నూటికి 46 పాయింట్లు ఆయనకూ పోయాయి. నువ్వు ప్రతి పాయింటూ గెలవాలని ఆడుతున్నావు, అందుకే మూడో దెబ్బకే గీత మీదికి పవర్ కొడుతున్నావు. కంప్యూటర్‌తో 6-0 ఓడిన మ్యాచ్‌లో కూడా చివర్లో గణాంకాలు చూపిస్తుంది కదా, అందులో నీ సొంత తప్పుల అంకె ఒక్కటే చూడు. పాతిక ఉన్నది పదిహేనుకు వస్తే నువ్వు మెరుగుపడ్డట్టే, స్కోరు ఏదైనా కానీ.

డిఫికల్టీ తగ్గించాలా అన్నావు. తగ్గించు, సిగ్గేం లేదు. నువ్వు 6-4తో గెలిచేదో 6-4తో ఓడేదో ఉన్న స్థాయి దగ్గర ఆపు. 6-0తో గెలిచే స్థాయిలో చెడ్డ అలవాట్లు ముదురుతాయి, 6-0తో ఓడే స్థాయిలో భయం ముదురుతుంది. సెట్లు పొట్టివి పెట్టుకోవద్దు అని మాత్రం చెప్తా. రెండు గేముల సెట్టులో ఓపిక నేర్చుకోవడానికి చోటు ఉండదు, అలసట కూడా లెక్కకు రాదు. నిజం టెన్నిస్‌లో 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, మహూ అయిదో సెట్టును 70-68 దాకా లాగారు, మ్యాచ్ మొత్తం మూడు రోజుల్లో 11 గంటల 5 నిమిషాలు. అంత వద్దులే. ఆరు గేముల సెట్లు మూడు చాలు.

కోర్టు రకాల గురించి నువ్వు అడగలేదు, కానీ కెరీర్‌లో నీకు ఎదురవుతాయి. ఎర్రమట్టి (క్లే) మీద బంతికి నేలతో రాపిడి ఎక్కువ, పడగానే వేగం తగ్గి పైకి లేస్తుంది. కాళ్లకు సమయం దొరుకుతుంది కాబట్టి నేర్చుకునేవాడికి ఇదే బడి. మొదటి నెల క్లే టోర్నమెంట్లే ఎంచుకో. ఎర్రమట్టి మీద జరిగే ఫ్రెంచ్ ఓపెన్‌ను నడాల్ 14 సార్లు గెలిచాడు, అక్కడ ఆడిన మ్యాచుల్లో 112 గెలుపులు, 4 ఓటములు. వింబుల్డన్ పచ్చిక 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు, దాని మీద బంతి జారుతుంది, లేవదు. అక్కడ నీ స్లైస్ ఎదుటివాడికి విషం. నువ్వు క్లే మీద నేర్చుకున్న ఎత్తు టాప్‌స్పిన్ అక్కడ సగం పనిచేయదు. హార్డ్ కోర్ట్ (గట్టి నేల) ఈ రెండింటికీ మధ్య. మన దగ్గర బుడ్డల (వేరుశనగ) చేను వాన ముందు ఒక తీరు, వాన తర్వాత ఒక తీరు దున్నుతారు కదా, అట్లా నేలను చూసి ఆట మార్చాలి.

కెరీర్‌లో బొమ్మను మెరుగుపరచుకోవడానికి వచ్చే పాయింట్లు సర్వ్ పవర్‌కు పోయకు, అందరూ చేసే తప్పది. మొదట కాళ్ల వేగానికి, ఓపికకు పెట్టు. తర్వాత ఫోర్‌హ్యాండ్. టోర్నమెంటు వెంట టోర్నమెంటు ఆడించి బొమ్మను అలసట మీద దింపొద్దు, మధ్యలో విశ్రాంతి ఇవ్వు.

ఇక నా వృత్తి విషయానికి వస్తా. ఈ ఆటల్లో టైమింగ్ అంతా ఫ్రేముల (స్క్రీన్ మీద మారే ఒక్కో చిత్రం) లెక్క. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు. ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించి ఆడుతున్నావా? టీవీలో గేమ్ మోడ్ వేయకపోతే బొమ్మను అందంగా చూపించే పనిలో టీవీ ఒక్కోసారి వంద మిల్లీసెకన్ల దాకా మింగేస్తుంది, అంటే ఆరు ఫ్రేములు. పచ్చలో వదిలానని నువ్వు అనుకుంటావు, ఆట ఆలస్యమంటుంది. గేమ్ మోడ్ వెయ్యి. ఆట సెట్టింగ్స్‌లో వీ-సింక్ (ఫ్రేములను స్క్రీన్ వేగానికి కట్టేసేది) ఆపి చూడు. కంట్రోలర్‌ను బ్లూటూత్ మీద కాకుండా కేబుల్ పెట్టి ఒక రోజు ఆడి చూడు, తేడా తెలుస్తుంది.

ఎండాకాలం మన దగ్గర ఇంకో తిరకాసు. మే నెలలో మధ్యాహ్నం గదిలో ల్యాప్‌టాప్ అరగంటలో పెనంలా కాగుతుంది, వేడికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, 60 ఫ్రేములు 40కి పడతాయి. మొదటి సెట్టు బాగా ఆడి రెండో సెట్టులో చేతులు మొద్దుబారినట్టు అనిపిస్తే అది నీ చేతులు కాదు. గ్రాఫిక్స్ ఒక మెట్టు తగ్గించు, ప్రేక్షకుల బొమ్మలు, నీడలు తగ్గించు, ల్యాప్‌టాప్ కింద రెండు పక్కలా ఏదైనా ఎత్తు పెట్టి గాలి ఆడనీ. మంచం మీద, పరుపు మీద పెట్టి ఆడేవాళ్లవి నెలకు ఎన్ని వస్తాయో నా షాపుకు. పొద్దున్నే ఆడితే ఇంకా మంచిది. ఉగ్గాణి తిని గంట ఆడు, షాపు తెరిచేలోపు నేను చేసేదదే. కెమెరా మాత్రం ఎత్తు మీదిది పెట్టుకో. కిందినుంచి చూపించే కెమెరా టీవీలా అందంగా ఉంటుంది గానీ బంతి లోతు తెలియదు.

వేరే ఆటలు చూడాలా అని కూడా ఒక వాక్యం రాశావు. నీ ల్యాప్‌టాప్ బలహీనమైతే టెన్నిస్ ఎల్బో 4 చూడు. బొమ్మలు అంత అందంగా ఉండవు, అసలు ఆటగాళ్ల పేర్లు ఉండవు, అభిమానులు చేసిన మోడ్లు (ఆటను మార్చే ఫైళ్లు) వేసుకోవాలి. కానీ ముందే నొక్కి సిద్ధమవడం, కాళ్లు, ఓపిక అనే మూడు పాఠాలు దానికన్నా కఠినంగా చెప్పే ఆట నేను ఆడలేదు. ఫుల్ ఏస్ కూడా ఆ జాతిదే. ఏఓ టెన్నిస్ 2, టైబ్రేక్ రెండూ బిగ్ ఆంట్ అనే కంపెనీ ఆటలు, ఆడొచ్చు. నీ దగ్గర ఉన్నది వదిలేసి పోవాల్సినంత మాత్రం లేదు.

ఇప్పుడు ఆ ఎడమ పక్క. కాళ్లు, స్టిక్ వదలడం రెండూ సరిచేశాక కూడా బంతులు ఎడమకే పోతుంటే అనుమానం కంట్రోలర్ మీదికి మళ్లించు, సెకండ్ హ్యాండ్‌ది అన్నావు కాబట్టి మరీ. ప్రాక్టీస్ కోర్టులో నిలబడి చేతులు తీసేసి కంట్రోలర్‌ను టేబుల్ మీద పెట్టు. బొమ్మ తనంతట తాను ఎడమకు అంగుళం అంగుళం జరుగుతుంటే స్టిక్ డ్రిఫ్ట్. స్టిక్ లోపల చిన్న పొటెన్షియోమీటర్లు (స్టిక్ ఎటు వంగిందో కొలిచే భాగాలు) ఉంటాయి, రాసుకుని రాసుకుని అరిగిపోతాయి, దుమ్ము పడుతుంది, నువ్వు ముట్టుకోకపోయినా ముట్టుకున్నట్టు చెప్తాయి. ముందు ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో డెడ్ జోన్ (స్టిక్ ఎంత కదిలేదాకా లెక్కలోకి తీసుకోకూడదనే హద్దు) కొద్దిగా పెంచు, చిన్న డ్రిఫ్ట్ దాంతోనే అణుగుతుంది. మరీ పెంచితే సగం వంచే సున్నితపు గురి పోతుంది, జాగ్రత్త. అణగకపోతే కాంటాక్ట్ క్లీనర్ కొట్టించు. అది కొన్నాళ్లే పనిచేస్తుందని కొట్టేవాడే నీకు చెప్పాలి, చెప్పకపోతే వేరే షాపుకు పో. తర్వాత స్టిక్ మాడ్యూల్ మార్పించడమే. కొత్తది కొనే ఉద్దేశముంటే హాల్ ఎఫెక్ట్ స్టిక్ ఉన్నది అడుగు. అందులో అయస్కాంతంతో కొలుస్తారు, రాసుకునే భాగం ఉండదు కాబట్టి అంత తొందరగా అరగదు. టేబుల్ మీద పెట్టినప్పుడు బొమ్మ కదలకుండా నిలబడితే మాత్రం కంట్రోలర్ మీద పైసా పెట్టొద్దు. అప్పుడు తప్పు పరుగు-వదులు-గురిలోనే ఉంది, ఇంకో వారం మంత్రం చదువు.